పొడుం డబ్బా, గాజు సీసా

ఉప్పుదొరువు,
14–11–1961

తమ్ముడు పద్మనాభయ్యకు,

అక్క రాఘవమ్మ దీవించి రాస్తున్నది. అందరం బాగున్నామని మొదటి వరుసలోనే రాయడం మర్యాద. కానీ నాట్లు మొదలై తొమ్మిది రోజులైంది, నా నడుము నాది కాకుండా పోయింది, అందుకని ఆ మాట రాయడం లేదు.

దసరాకి వచ్చినప్పుడు నువ్వు ఊరంతా తిరిగి, నెల దాటి దగ్గు ఉన్నవాళ్ళంతా కఫం పరీక్ష చేయించుకోవాలని చెప్పిపోయావు కదా. మీ బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "మీ నాయన మద్రాసు పంపి చదివించింది ఉమ్ములు చూసేదానికా?" అంటాడు. నీకు ఉమ్ముల దొర అని పేరు కూడా పెట్టాడు. పట్టించుకోకు. నేను మాత్రం నీ మాట మరచిపోలేదు. మా మరిది రంగనాయకులు వినాయకచవితి నుంచి దగ్గుతున్నాడు. మన చేను కోరుకు చేసి పంటలో పాలు తీసుకునే మస్తానయ్య కూడా దగ్గుతున్నాడు, ఆయన బీడీ ఆరిపోగా నేను చూడలేదనుకో. ఇద్దరినీ నెల్లూరు ఆస్పత్రికి, నీ దగ్గరికి పొమ్మంటే "నాట్లప్పుడా!" అని ఇద్దరిదీ ఒకటే మాట.

అందుకని వాళ్ళ ఆడవాళ్ళను పంపుతున్నాను. రేపు పొద్దున మొగుళ్ళు లేవగానే ఉమ్మించుకొని నా తోటికోడలు కామాక్షమ్మ, మస్తానయ్య పెళ్ళాం చెంచమ్మ కలిసి అల్లూరులో బస్సెక్కుతారు. చెంచమ్మకు ఒక పొడుం డబ్బా దొరికింది. కామాక్షమ్మ గాజు సీసా కడిగి ఎండబెట్టుకుంది. డబ్బాలో పట్టుకుపోతే నామోషీ అట. ఉమ్ముకు కూడా నామోషీ చూశావా! ఎండన పడి వస్తారు, కాస్త నీడన కూర్చోబెట్టి పంపించు.

మీ అక్క,
రాఘవమ్మ

నెల్లూరు,
21–11–1961

అక్కకు నమస్కారాలతో పద్మనాభయ్య.

నీ ఉత్తరం వాళ్ళు వచ్చిపోయిన మరునాడు చేరింది. ముందే అంది ఉంటే కామాక్షమ్మను లోపలికి పిలిచి కాఫీ ఇప్పించేవాణ్ణి. ఆస్పత్రిలో మా కఫం పరీక్ష గదికి అడుగు వెడల్పు కిటికీ ఒకటే ఉంది. అవతల జనం, ఇవతల నేను. ఆ కిటికీలోంచి చేతులు కనిపిస్తాయి తప్ప మొహాలు కనిపించవు. ఆ రోజు యాభై ముగ్గురు వచ్చారు. నేను రిజిస్టరులో తల పెట్టి పేరు, ఊరు అని అడుగుతూ పోతుంటే ఇద్దరు ఆడవాళ్ళు పేరు చెప్పరు, గుసగుసలాడతారు, నవ్వుతారు. "పేరు చెప్పేదానికి కూడా ముహూర్తం చూడాలా?" అని గట్టిగా కసిరాను. అప్పుడు గానీ చెప్పలేదు. ఆ వచ్చింది మన కామాక్షమ్మే అని నీ ఉత్తరం చూశాక తెలిసింది. కోపం పెట్టుకోవద్దని చెప్పు.

ఇక ఫలితాలు. రంగనాయకులు బావకు ఏమీ లేదు. నిక్షేపంగా నాట్లు వేయించుకోమను. మస్తానయ్యకు మాత్రం ఉంది. క్షయ. అదీ ఒకటీ అరా కాదు. మైక్రోస్కోపు కింద నీలం రంగు మీద ఎర్రటి సన్నని పుల్లలు ఎటు జరిపినా కనిపించాయి. నీ దగ్గర దాచడమెందుకు, చూడగానే నాకు సంతోషం వేసింది. అది తప్పేనని తెలుసు, కానీ పట్టుకున్నానన్న సంతోషం అలాంటిది.

మా డాక్టరు సంజీవరావు గారు రాసిన కాగితం దీనితో పంపుతున్నాను. మస్తానయ్యకు అల్లూరు కాంపౌండరు చేత రోజుకొక సూది, తొంభై రోజులు వేయించాలి. మాత్రలు వేరే ఉన్నాయి. విడిగా పడుకోవాలి, విడిగా తినాలి, ఉమ్మి కాల్చేయాలి. బిడ్డను దగ్గరికి రానివ్వకూడదు.

ఉమ్ముల దొర ఇవాళ ఒక ఊరిని కాపాడాడని బావగారికి చెప్పు.

ఇట్లు తమ్ముడు,
పద్మనాభయ్య

ఉప్పుదొరువు,
10–12–1961

పద్మనాభా,

నీ కాగితం వచ్చిన రోజు నుంచి మీ బావ నవ్వడం మానేశాడు. రచ్చలో పదిమందికి నీ ఉత్తరం తనే చదివి వినిపించాడు. నా తమ్ముడి గురించి మీ బావ నోట మంచిమాట వినడం పెళ్ళయిన పదిహేనేళ్ళలో ఇదే మొదలు.

నువ్వు చెప్పినవన్నీ చేశాం. మస్తానయ్యను ఉప్పు పండించే కయ్య గట్టున ఉన్న పాత పాకలోకి మార్చారు. చెంచమ్మ కూడు తీసుకుపోయి దూరంగా పెట్టి వస్తుంది. చేను మాత్రం ముత్యాలయ్యకు ఇచ్చేశాం, నాటు ఆగదు కదా. మన కళ్ళంలో ఆయన నీళ్ళు తాగే కుండను నేనే అందరూ చూస్తుండగా పగలగొట్టాను. మా రంగనాయకులు రోజూ ఆయన పక్కనే కూర్చుని తాగేవాడు. నువ్వు లేకపోతే ఏమయ్యేదో!

చెంచమ్మ ఒకరోజు వచ్చి నా కాళ్ళు పట్టుకుంది. "అమ్మా, ఇంకొక్కసారి చూడమని మీ తమ్ముడికి చెప్పమ్మా. ఆయనది ముందు నుంచీ బీడీ దగ్గేనమ్మా, నెత్తురు పడలా, జొరం రాలా" అని ఒకటే ఏడుపు. "అద్దంలో కనపడినదాన్ని కాదంటావా? చదువుకున్నోడి కంటే నీకు ఎక్కువ తెలుసా?" అని కసిరి పంపించాను. పాపం, ఏడాది బిడ్డ ఉంది దానికి. ఆ పిల్ల పాక వైపు పాకుతూ పోతుందని, అక్కడ బూచి ఉందని భయపెట్టి ఆపుతున్నారు.

ఫిబ్రవరిలో మా చిన్నాడికి చెవులు కుట్టిస్తాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టాలి. సెలవు ఇప్పుడే అడిగి పెట్టుకో.

మీ అక్క,
రాఘవమ్మ

నెల్లూరు,
3–1–1962

అక్కకు,

కార్డు మీద చోటు తక్కువ కాబట్టి నాలుగు ముక్కలు. చెవులు కుట్టించే రోజుకు తప్పకుండా వస్తాను. కుండ పగలగొట్టనవసరం లేదు, వేడినీళ్ళతో కడిగితే చాలు, అయినా జాగ్రత్త మంచిదే. ఇంకోసారి పరీక్ష అక్కర్లేదని చెంచమ్మకు చెప్పు. మనుషులు పొరబడతారు గానీ మైక్రోస్కోపు పొరబడదు. మా డాక్టరు గారు వచ్చే నెల వెంకటాచలంలో జనానికి ఈ జబ్బు గురించి చెప్పే పని నాకు అప్పగించారు. మీ ఊరి సంగతే చెబుదామనుకుంటున్నాను.

పద్మనాభయ్య

నెల్లూరు,
19–2–1962

అక్కకు నమస్కారాలు.

చెవులు కుట్టించే వేడుకకు రాలేకపోయాను. ఒంట్లో బాగోలేదు. పెద్ద జబ్బేమీ కాదు, కంగారు పడకు. వెంకటాచలం కూడా పోలేదు.

ఒక చిన్న పని ఉంది. మస్తానయ్యను, రంగనాయకులు బావను ఒకసారి నెల్లూరు పంపించు. ఈసారి ఆడవాళ్ళు కాదు, వాళ్ళే రావాలి. ఇద్దరూ విడివిడిగా వస్తే మరీ మంచిది. మందు ఎలా పనిచేస్తోందో మస్తానయ్యకు చూడాలి. బావకు ఎందుకంటే, ఊరికే, మామూలుగా అందరికీ రెండోసారి చూస్తుంటాం. ఆలస్యం చేయవద్దు. బావ దగ్గు ఎలా ఉంది? సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందా? ఈ ప్రశ్నలకు జవాబు తప్పకుండా రాయి.

పద్మనాభయ్య

ఉప్పుదొరువు,
4–3–1962

పద్మనాభయ్యకు,

ఒంట్లో బాగోలేనివాడు ఉత్తరం అంత శుభ్రమైన చేతిరాతతో రాయగలిగాడు, సంతోషం. మేనమామ బతికుండగా నా బిడ్డను పరాయివాడి ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టించాను. కంసాలి కూడా అడిగాడు, మేనమామ ఏడమ్మా అని. సెలవు దొరకలేదని అబద్ధం చెప్పాను.

నువ్వు ఎందుకు రాలేదో నాకు అర్థమైంది. మా ఊరి గాలి పీలిస్తే నీకు అంటుకుంటుందని భయం. దానికి తోడు ఇప్పుడు రంగనాయకులును కూడా పంపమంటున్నావు. ఆయనకు ఏమీ లేదని రాసింది నువ్వే కదా? మస్తానయ్య జబ్బు మా ఇంట్లోకి వచ్చిందని నీకు ఎవరు ఊదారు? కామాక్షమ్మ ఆ ఉత్తరం విని రెండు రోజులు అన్నం ముట్టలేదు. రంగనాయకులు చిక్కిన మాట నిజమే, సాయంత్రం ఒళ్ళు వెచ్చబడే మాటా నిజమే. కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు, ఎవరికి వెచ్చబడదు? ఆయన్ను నేను పంపను.

మస్తానయ్యకు తొంభై సూదులూ అయిపోయాయి. జబ్బు మాటేమో గానీ చెవుల్లో కీచురాళ్ళు అరుస్తున్నాయి అంటాడట. మొన్న వెనక నుంచి మన బండి వస్తుంటే పక్కకు జరగలేదు. తోలేవాడు ఎంత అరిచినా వినిపించలేదు. ఎద్దు కొమ్ము తగలబోయింది. నడక కూడా తాగినవాడిలా తూలుతున్నాడు. అది కూడా ఈ జబ్బులో భాగమేనా? నువ్వే చెప్పాలి, దొరవి కదా.

రాఘవమ్మ

నెల్లూరు,
9–3–1962

అక్కా,

ఇది నువ్వొక్కదానివే చదువుకో. తర్వాత ఎవరికి వినిపించాలో నీకే తెలుస్తుంది.

మీ గాలికి భయపడి రాలేదని రాశావు. మస్తానయ్య మొహం చూడలేక రాలేదు.

ఫిబ్రవరి ఎనిమిదిన ఇద్దరు ఆడవాళ్ళు మా కిటికీ దగ్గరికి వచ్చారు. పేరు అడిగాను, చెప్పారు, చేయి చాపాను. మా గదిలో గాజు పలకలు కడిగే ఏసుమణి అప్పుడు వరండా ఊడుస్తోంది. ఆమె అక్కడి నుంచే, "సార్, ఎవరి డబ్బా ఎవరిదో అడిగి తీసుకోండి. మొగుడి పేరు నోట పలకరు గదా, ఈమె మొగుడి పేరు ఆమె చెప్తుండాది, ఆమె మొగుడి పేరు ఈమె చెప్తుండాది" అంది. చాపిన చేయి వెనక్కి తీసుకున్నాను.

నవంబరు పదిహేను నాటి పేజీ తీశాను. కఫం దేంట్లో వచ్చిందో రాసే గడి ఒకటుంది మా రిజిస్టరులో. మస్తానయ్య పేరు ఎదురుగా నా చేతిరాతలోనే "గాజు సీసా" అని ఉంది. రంగనాయకులు బావ పేరు ఎదురుగా "పొడుం డబ్బా" అని ఉంది. గదికి పోయి పెట్టెలో నీ ఉత్తరం వెతికాను. పొడుం డబ్బా చెంచమ్మది, గాజు సీసా కామాక్షమ్మది అని నువ్వు స్పష్టంగా రాశావు.

జరిగింది ఇది. నేను కసిరాక, చెంచమ్మ మొగుడి పేరు కామాక్షమ్మ చెప్పింది. తల ఎత్తకుండా ఆ పేరు రాసుకొని, మాట్లాడిన మనిషి చేతిలోది తీసుకున్నాను. అది సీసా. తర్వాత కామాక్షమ్మ మొగుడి పేరు చెంచమ్మ చెప్పింది, ఆమె చేతిలో డబ్బా తీసుకున్నాను. చదువుకున్నవాడు, వీడికి తెలియదా అని వాళ్ళు ఊరుకున్నారు. జబ్బు మస్తానయ్యకు లేదు. రంగనాయకులు బావకు ఉంది.

నాకు తెలియదనడానికి కూడా లేదు. నువ్వు పెద్దబావ పేరు పలకగా నేను ఒక్కనాడూ వినలేదు. కిందటేడు జనాభా లెక్కలవాడు వస్తే పక్కింటామె చేత చెప్పించావని నువ్వే నవ్వుతూ చెప్పావు. మద్రాసులో పుట్టి పెరిగినవాడైతే ఏమో అనుకోవచ్చు, నేను ఆ ఇళ్ళల్లో పుట్టినవాణ్ణి.

ఇంకొకటి ఉంది. ఇదే రాయడానికి చేయి రావడం లేదు. తెలిసింది ఎనిమిదిన. అప్పటికి మస్తానయ్యకు ఇంకా పన్నెండు సూదులు మిగిలి ఉన్నాయి. ఆపమని ఒక్క కార్డు రాస్తే ఆగేవి. కారణం అడుగుతారని రాయలేదు. ముందు రెండోసారి పరీక్ష చేసి, ఏదో ఒక సాకుతో సరిచేసి, ఎవరికీ తెలియకుండా బయటపడదామని చూశాను. చెవుల్లో ఆ శబ్దం, ఆ తూలడం జబ్బు వల్ల కాదు, ఆ సూదిమందు వల్ల. మొదటి సూదులు నా పొరపాటు, చివరి పన్నెండు నా పిరికితనం. నాకు సిగ్గుగా ఉంది అక్కా. అద్దంలో మొహం చూసుకుని గడ్డం గీసుకోలేకపోతున్నాను.

రంగనాయకులు బావను వెంటనే తీసుకురా. ఒక్క రోజు కూడా ఆగవద్దు.

పద్మనాభయ్య

ఉప్పుదొరువు,
17–3–1962

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి పొయ్యిలో పెట్టాను.

నేను రాసిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. రంగనాయకులు మంగళవారం కళ్ళంలో దగ్గుతూ దగ్గుతూ కూలబడ్డాడు. తుండుగుడ్డ నిండా నెత్తురు. ఎల్లుండి మీ బావ, కామాక్షమ్మ ఆయన్ను తీసుకొని వస్తారు. ఊళ్ళో మాత్రం కడుపులో పుండు అని చెప్పాం. నువ్వు కూడా అదే చెప్పు.

కుండ పగలగొట్టింది నేను. చెంచమ్మ కాళ్ళు పట్టుకుంటే కసిరింది నేను. చేను ముత్యాలయ్యకు ఇవ్వమని మీ బావకు చెప్పింది కూడా నేనే. ఒక కడుపున పుట్టాం, ఇద్దరికీ కసరడం బాగా అబ్బింది. ఇప్పుడు చెంచమ్మ వీధిలో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోతున్నాను.

అయినా ఒక మాట అడుగుతాను, నీ కంటే పెద్దదాన్ని, కాదనకు. మస్తానయ్యకు జబ్బు నయమైందని కాగితం రాసి పంపు. అంతే. ఆయన పాకలోంచి ఇంటికి వస్తాడు, చేను మళ్ళీ ఇప్పిస్తాను, నా బాధ్యత. నీ ఉద్యోగం నిలుస్తుంది, రంగనాయకులు పేరు బయటికి రాదు. నిజం చెబితే ఆయన చెవులు తిరిగి వస్తాయా? పోయిన మనిషి ఎవరూ లేరు కదా. ఆలోచించు.

మీ అక్క,
రాఘవమ్మ

నెల్లూరు,
2–4–1962

అక్కకు,

నిన్న ఆదివారం మీ ఊరు వచ్చి, మీ గడప తొక్కకుండా తిరిగి వచ్చేశాను. ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. నా నోటి నుంచి కూడా విను.

నయమైందని కాగితం రాయడానికి కూర్చున్నాను, అబద్ధమాడను. సగం రాశాను. నయమైనవాడిని కూడా జనం పది అడుగుల దూరంలోనే నిలబెడతారని గుర్తొచ్చి చించేశాను.

బస్సు దిగి నేరుగా పాకకు పోయాను. మస్తానయ్య వల అల్లుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కూర్చోమని చాప దులిపి, మళ్ళీ ఏదో గుర్తొచ్చినట్టు ఆ చాపను వెనక్కి లాక్కున్నాడు. దారి పొడుగునా పేర్చుకున్న మాటలు మెల్లగా చెప్పాను. ఆయన చెవి దగ్గర చేయి పెట్టుకొని, "ఏందయ్యా? గట్టిగా చెప్పు" అన్నాడు. రెండోసారి చెప్పాను. "ఇంకా గట్టిగా" అన్నాడు. అప్పుడే కూడు తెచ్చిన చెంచమ్మ దూరం నుంచి, "అయ్యా, ఆయనకు అట్టా వినపడదు, అరిచి చెప్పాల" అంది.

అరిచాను అక్కా. "నీకు జబ్బు లేదు! తప్పు నాది! నీ ఉమ్మి, రంగనాయకులు ఉమ్మి నేను తారుమారు చేసినాను!" అని గొంతు చించుకొని అరిచాను. ఉప్పుకయ్యలో పనిచేసేవాళ్ళు పారలు దించి చూశారు. గట్టు మీద జనం చేరారు. రంగనాయకులు బావ పేరు ఎత్తకూడదనే వచ్చాను. అరిచేటప్పుడు ఏది ఆపాలో తెలియలేదు, వచ్చేసింది. నీ మాట నిలబెట్టలేదు, క్షమించు.

మస్తానయ్య నన్నే చూస్తూ, "లేదా?" అన్నాడు. లేదని తల ఊపాను. నవ్వాడు. "పెద్దోళ్ళు, మీ నోట చల్లని మాట వచ్చింది, అంతే చాలు" అన్నాడు. తిడతాడనుకున్నాను. వల విసిరి కొడతాడేమో అనుకున్నాను. చెంచమ్మ మాత్రం కూటి చట్టి చేత్తో పట్టుకొని అలాగే నిలబడింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

పద్మనాభయ్య

ఉప్పుదొరువు,
12–4–1962

పద్మనాభా,

నీ మీద కోపంతో పది రోజులు కలం పట్టలేదు. ఇప్పుడు కోపం పోయి ఏమనాలో తెలియడం లేదు.

ఊరు నిన్ను తిట్టడం లేదు. ఏమంటున్నారో తెలుసా? "ఎంత ధర్మాత్ముడయ్యా! మస్తానయ్యను ఊళ్ళో కలిపేదానికి తప్పంతా తన నెత్తిన వేసుకున్నాడు. సొంత అక్క మరిది పేరు కూడా చెప్పినాడు" అంటున్నారు. ఒక్కడు కూడా నమ్మలేదు. అద్దంలో కనపడింది అబద్ధమెలా అవుతుందని వాళ్ళ వాదన. ఆ మాట వాళ్ళకు నేర్పింది మనమే. రంగనాయకులుది కడుపులో పుండేనని అందరూ గట్టిగా నమ్ముతున్నారు. కామాక్షమ్మకు మాత్రం నిజం తెలుసు కాబట్టి నాతో మాట్లాడదు. "ఆ రోజు ఎవరికైనా చెప్పొద్దా, నా చేతిలోది నా మొగుడిదని!" అని తనను తాను తిట్టుకుంటుంది.

మస్తానయ్య కూడా నమ్మలేదు. ఇంకా పాకలోనే ఉన్నాడు. నిన్న నీ కోసం ఒక బుట్ట ఎండు రొయ్యలు పంపాడు. "ఆ అయ్య దేవుడమ్మా" అని చెప్పమన్నాడట. రేపు మీ బావ వస్తూ తెస్తాడు.

నా బుద్ధి ఎలాంటిదో విను. ఆ మాట విన్నప్పుడు నాకు ముందు ఊపిరి తేలికైంది. నువ్వు చెప్పాల్సింది చెప్పావు, వాళ్ళు నమ్మకపోతే మన తప్పా? ఇలాగే వదిలేస్తే ఎవరికీ నష్టం లేదనిపించింది. ఆ తర్వాత అన్నం దగ్గర కూర్చుంటే చెంచమ్మ దూరంగా పెట్టి వచ్చే కూడు గుర్తొచ్చింది, లేచిపోయాను. నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను.

మీ అక్క,
రాఘవమ్మ

నెల్లూరు,
20–4–1962

అక్కకు,

రొయ్యలు అందాయి. గది నిండా వాసన. తినలేను, పారేయలేను, ఇంకొకరికి ఇవ్వలేను. తిట్లకు సిద్ధపడి వచ్చినవాడికి ఈ బుట్ట పంపితే ఎలా ఉంటుందో ఆయనకు తెలియదు.

మీ ఊరు వచ్చే ముందే డాక్టరు గారికి అంతా చెప్పాను, నీకు రాయలేదు. ఆయన అరవలేదు. రిజిస్టరు తెప్పించుకొని ఆ రెండు వరుసలూ చాలాసేపు చూశారు. "నేను కూడా ఆయన ఛాతీ మీద చెవి పెట్టి వినకుండానే నీ కాగితం చూసి సూదులు రాశానయ్యా" అన్నారు. నన్ను మైక్రోస్కోపు దగ్గర నుంచి తీసి ఏసుమణి పక్కన గాజు పలకలు కడిగే పనిలో పెట్టారు. వచ్చినవాళ్ళ పేరు, ఎవరు తెచ్చారు, ఎవరికోసం తెచ్చారు, అన్నీ కిటికీ బయటికి పోయి మొహం చూసి అడగాలని ఇప్పుడు కొత్త పద్ధతి. ఏసుమణికి అక్షరాలు రావు. ఆమెకు తెలిసింది నాకు తెలియలేదు.

రంగనాయకులు బావకు జ్వరం తగ్గింది. ఎడమ ఊపిరితిత్తి బాగా చెడింది, అయినా ప్రాణానికి భయం లేదంటున్నారు. నవంబరులోనే మొదలుపెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆయన మంచం పక్కన రోజూ కూర్చుంటున్నాను. నన్ను ఏమీ అనడు, పంట ధర అడుగుతాడు.

వచ్చే సోమవారం డాక్టరు గారే మీ ఊరు వచ్చి మస్తానయ్యను పరీక్షించి అందరి ముందూ చెబుతారు. అయినా కాగితాన్ని నమ్మి వెలివేసినవాళ్ళు కాగితాన్ని నమ్మి కలుపుకుంటారని నాకు నమ్మకం లేదు. ఆ కుండ నువ్వు అందరి ముందూ పగలగొట్టావు. అందరి ముందూ పోయి ఆ ఇంట్లో నీళ్ళు తాగగలవా? పెద్దబావ ఒప్పుకోకపోవచ్చు. అయినా అడుగుతున్నాను.

నేను ఈ ఉద్యోగం వదిలేద్దామనుకుంటున్నాను. నాకు ఈ పని చేసే అర్హత లేదు.

పద్మనాభయ్య

ఉప్పుదొరువు,
6–5–1962

తమ్ముడు పద్మనాభయ్యకు,

ఉద్యోగం మానుకుంటే మస్తానయ్యకు ఒరిగేదేమిటి? పలకలు కడగమన్నారు కదా, కడుగు. మళ్ళీ ఆ అద్దం ముందు కూర్చోమన్న రోజు కూర్చో. తల ఎత్తి మొహం చూసి పేరు అడిగేవాడు ఆ కిటికీలో ఒకడుండాలి. ఇంత సిగ్గుపడినవాడు ఇంకెప్పుడూ తల వంచుకొని చేయి చాపడు. పారిపోతే మాత్రం నా గడప తొక్కవద్దు.

మీ డాక్టరు గారు సోమవారం వచ్చారు. మస్తానయ్య ఛాతీ, వీపు అన్నీ చూసి ఈ మనిషికి ఎన్నడూ క్షయ లేదని చెప్పారు. చెవులు మాత్రం ఇక రావని కూడా చెప్పారు. అందరూ తలలు ఊపారు. ఆయన జీపు కదలగానే ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోయారు. పాక వైపు ఒక్కరూ పోలేదు.

మరునాడు మిట్టమధ్యాహ్నం నేను పోయాను. కూలీలు చెట్టు కింద కూళ్ళు తింటున్న వేళ చూసుకొని పోయాను. మీ బావ వద్దన్నాడు, నాకు వినిపించలేదనుకో. చెంచమ్మ పాక దగ్గరే ఉంది. "నీళ్ళియ్యి చెంచమ్మా" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, "ఈ చెంబుతో ఆయనే తాగుతాడమ్మా. తోమాల్నా?" అంది. వద్దన్నాను. ముంచి ఇచ్చింది. నిలబడి చెంబెడూ తాగాను. చెట్టు కింద ముద్దలు ఆగిపోయాయి. "కుండ పగలగొట్టింది నేను. నాది తప్పు" అని చెంచమ్మతో అన్నాను. "ఎరుకే గదమ్మా" అంది, అంతే. ఏడవలేదు, తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నేను అడగలేదు.

సాయంత్రానికి ముత్యాలయ్య వచ్చి పాక ముందు కూర్చొని మస్తానయ్య దగ్గర బీడీ అడిగి తీసుకున్నాడు. తర్వాత ఇద్దరు ముగ్గురు వచ్చారు. చేను ఈ కారు పంట నుంచి మళ్ళీ మస్తానయ్యకే అని మీ బావ నోటితోనే చెప్పించాను. శుక్రవారం మస్తానయ్య చాప చంకన పెట్టుకొని ఇంటికి వచ్చాడు. ఆ వేళకు నేను అక్కడే ఉన్నాను.

బిడ్డ ఇప్పుడు గుమ్మం పట్టుకొని నడుస్తోంది. తండ్రి గుమ్మంలోకి వచ్చి చేతులు చాపేసరికి కెవ్వుమని వాళ్ళమ్మ కుచ్చిళ్ళలో మొహం దాచుకుంది. బూచి అని ఐదు నెలలు మనం నేర్పిన బిడ్డ అది. భుజాలు ఎగరేసి ఎగరేసి ఏడుస్తోంది. ఆయనకు ఆ ఏడుపు వినిపించదు కదా. దాగుడుమూతలు ఆడుతోందనుకొని నవ్వుకుంటూ, వంగి, చెంచమ్మ చుట్టూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆయన తిరిగే కొద్దీ అది ఇంకా ఏడుస్తోంది. చెంచమ్మ ఆయనకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

మీ అక్క,
రాఘవమ్మ